పని ఆపకుండా పాత ప్రయోగశాలను ఆధునికీకరించడం ఎలా?

ప్రశ్న (మట్టి పరీక్షల విభాగం, కోనసీమ)

నమస్కారం. డెల్టాలోని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మట్టి, మొక్కల విశ్లేషణ ప్రయోగశాల బాధ్యత నాది. భవనం 1960ల నాటిది, రెండంతస్తులు. శ్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి, వైరింగు అప్పటిదే, సింకుల కింది డ్రైను పైపులు చాలాచోట్ల కారుతున్నాయి. నిధులు వచ్చాయి గానీ భవనం ఖాళీ చేసే వీలు లేదు. దాళ్వా (రబీ) కోతలు ముగియగానే, సార్వా (ఖరీఫ్) మొదలయ్యేలోపు ఎరువుల మోతాదు తెలుసుకోవడానికి రైతులు తెచ్చే మట్టి నమూనాలకు మేము జవాబు చెప్పాలి. పై అంతస్తులోని డీప్ ఫ్రీజర్లలో తెగుళ్ల విభాగంవారు ఏళ్ల తరబడి సేకరించిన శిలీంధ్రాల కల్చర్లు ఉన్నాయి. ఒక్కో గదినీ ఖాళీ చేయించి బాగుచేస్తూ పోదామని కాంట్రాక్టరు అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు (విశ్రాంత సివిల్ ఇంజనీరు, రాజమహేంద్రవరం)

గదుల వారీగా చేయవద్దండి. నీళ్లు, డ్రైను, కరెంటు పై నుంచి కిందికి ఒకే వరుసలో దిగుతాయి కనుక, ఒక గది పైపు విప్పితే దాని కింది గదిలోనూ పని ఆగుతుంది, అదే గోడను మళ్లీ మళ్లీ పగలగొట్టవలసి వస్తుంది. ముందుగా కొత్త లైన్లన్నీ భవనం బయటి గోడ వెంబడి వేసి, పరీక్షించి, నడిపించి చూడండి. తరువాత పైగదినీ దాని కింది గదినీ ఒక జతగా తీసుకుని పాత లైను నుంచి కొత్తదానికి మార్చండి. ఆ జతలో పనిచేసేవారికి ఖాళీ విత్తన గోదాములో ఒక మూలను ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

శ్లాబు విషయంలో పైపూతకు ఒప్పుకోకండి. ఒకచోట కాంక్రీటు తాజాగా చెక్కి, చెక్కినచోట ఫినాఫ్తలీన్ చల్లించండి. గులాబీరంగు వచ్చినంతమేర కాంక్రీటులో క్షారగుణం ఉన్నట్టు. రంగు రాని పొర చువ్వదాకా పోయి ఉంటే, ఆ చువ్వకు తుప్పు నుంచి రక్షణ లేనట్టే. సముద్రపు గాలి తగిలే చోట ఉప్పు వల్ల గులాబీరంగు ఉన్నచోట కూడా తుప్పు పట్టవచ్చు కాబట్టి క్లోరైడు పరీక్ష విడిగా చేయించాలి. నేల తవ్వి వేసే డ్రైనును మాత్రం వేసవిలో సాగు కాలువలకు నీళ్లు కట్టేసే రోజులకు ఉంచండి. మిగతా నెలల్లో మన నేలలో కాస్త తవ్వగానే నీరూరుతుంది.

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, భీమవరం)

పైవారు చెప్పిన క్రమం బాగుంది, అయితే దానికంటే ముందు జరగవలసిన పని ఒకటుంది. మొక్కల నమూనాలను నైట్రిక్, పెర్క్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో మరిగించడం మన ప్రయోగశాలల్లో పాత అలవాటు. ఆ ఆవిరి ఫ్యూమ్ హుడ్ (విషపు ఆవిర్లను బయటికి లాగే అర) డక్టులో, అంటే గాలిగొట్టంలో, చల్లబడి, ఏళ్ల తరబడి పెర్క్లోరేటు లవణాలుగా పేరుకుంటుంది. అటువంటి డక్టును పనివాడు సుత్తితో కొట్టినా, గ్రైండరుతో కోసినా పేలవచ్చు. ఇది నేను భయపెట్టడానికి రాస్తున్నది కాదు. డక్టు విప్పేవాడికి లోపల ఏముందో తెలియదు, చెప్పవలసినది మనమే. ముందుగా డక్టును నీటితో బాగా కడిగించి, కడిగిన నీటికి మిథిలీన్ బ్లూ కలిపి చూడండి. ఊదారంగు అవక్షేపం ఏర్పడితే ఇంకా కడగాలి.

సింకుల కింది పైపులలో పాదరసం నిలిచి ఉండవచ్చు, ఎందుకంటే పగిలిన థర్మామీటర్లదీ, ఒకప్పుడు నత్రజని పరీక్షలో ఉత్ప్రేరకంగా వాడినదీ చివరికి చేరేది అక్కడికే. ఎండితే పేలే ప్రమాదమున్న పిక్రిక్ ఆమ్లం సీసా అల్మారాలో ఎండిపోయి కనిపిస్తే మూత తిప్పకుండా నిపుణులను పిలవండి. పాత ఉద్యోగులను కూర్చోబెట్టి ఏ గదిలో ఏ పరీక్ష జరిగేదో రాయించుకోండి, ఆ కాగితం కాంట్రాక్టరు చేతికి వెళ్లాకే పని మొదలవాలి.

జవాబు (ఎలక్ట్రికల్, ఏసీ పనులు, కాకినాడ)

కొత్త హుడ్లు పెడుతూ స్ప్లిట్ ఏసీలతో సరిపెట్టవద్దని నా మనవి. హుడ్ ముఖద్వారం 1.2 మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తు ఉండి, గాలి సెకనుకు 0.5 మీటర్ల వేగంతో లోపలికి పోతుంటే, అది గంటకు సుమారు 1,080 ఘనపు మీటర్ల గాలిని బయటికి తోస్తుంది. ఓ మోస్తరు ప్రయోగశాల గదిలోని గాలి మొత్తం గంటకు పదిసార్లు మారినట్టే. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది తప్ప బయటి నుంచి కొత్త గాలిని తేదు. దానితో తలుపు సందుల్లోంచి తేమగాలి దూరి, త్రాసు అంకెలు నిలకడగా ఉండవు. బయటి గాలిని చల్లబరచి లోపలికి పంపే యంత్రం అంచనాలలో తప్పక ఉండాలి.

ప్యానెల్ బోర్డును 1986 ఆగస్టు వరద మీ దగ్గర ఎంతవరకు వచ్చిందో కనుక్కుని అంతకంటే పైన బిగించండి. ఉప్పునేలలో జీఐ (జింకు పూత ఇనుము) ఎర్తింగు పైపును తుప్పు త్వరగా తినేస్తుంది, రాగిపూత కడ్డీలు వాడండి. ఫ్రీజర్లకు వేరే లైను, వేరే జనరేటరు ముందే సిద్ధం చేసి, ఒక రాత్రంతా నడిపి చూశాకే పాత వైరు ముట్టుకోండి. 1996 నవంబరు తుపాను చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. డక్టు సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఈరోజే దానికి తాళం వేయించి, ముట్టుకోవద్దని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేశాను. ఒక్క చిక్కు మిగిలింది: కాలువలు కట్టేసే రోజులే మాకు మట్టి నమూనాలు పోటెత్తే రోజులు.

జవాబు (విశ్రాంత సివిల్ ఇంజనీరు, రాజమహేంద్రవరం)

అయితే మట్టి విభాగాన్నే మొదట, సంక్రాంతి తర్వాత నమూనాల తాకిడి మొదలుకాకముందే, గోదాములోకి మార్చండి. త్రాసులకు బరువైన రాతిబల్ల, సాధనాలకు కొత్త కరెంటు లైను అక్కడ అమర్చి, అవే నమూనాలను రెండుచోట్లా పరీక్షించి ఫలితాలు సరిపోల్చుకోండి. అవి కలిసిన తర్వాతే తవ్వకం తేదీ ఖరారు చేయండి.