ఛాంగ్తే పరుగెత్తితే మిగతా తొమ్మిదిమందికి ఏమవుతుంది?

అనంతపురం_కుర్రాడు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్తే. మన ఫుట్‌బాల్ జట్టు వింగర్ (మైదానం అంచు వెంట ఎటాక్ చేసే ఆటగాడు) ఛాంగ్తే వేగం గురించి మా రూములో ఎంతకీ తెగని వాదన ఒకటుంది. తెలిసినవాళ్లు తేల్చాలి.

నేను అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగాను. ఉద్యోగం ఇక్కడ. 2023 జులై 4న కంఠీరవ స్టేడియంలో సాఫ్ (దక్షిణాసియా ఛాంపియన్‌షిప్) ఫైనల్ గ్యాలరీలో కూర్చుని చూశాను. కువైట్ 14వ నిమిషంలోనే గోల్ కొట్టింది. తర్వాత ఆషిక్ నుంచి ఛెత్రికి, ఛెత్రి నుంచి సహల్‌కి బంతి వెళ్లింది. సహల్ దాన్ని గోల్ ముందు అడ్డంగా వదిలాడు. అవతలి వైపు నుంచి లల్లియన్‌జువాలా ఛాంగ్తే దూసుకొచ్చి లోపలికి తోసేశాడు. 1-1. చివరికి పెనాల్టీల్లో 5-4తో కప్పు మనదే. అంతకుముందు జూన్ 18న భువనేశ్వర్‌లో లెబనాన్‌తో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్లోనూ అంతే. ఛెత్రి కొట్టిన గోల్‌కి బంతి ఇచ్చింది ఛాంగ్తే, రెండో గోల్ కొట్టిందీ ఛాంగ్తేనే.

మరి 2024 జనవరిలో ఆసియా కప్‌కి ఖతార్ వెళ్తే? ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ లేదు. అదే మనిషి, అవే కాళ్లు.

మా రూమ్మేట్ ఏమంటాడంటే, వేగం చిన్న జట్ల మీదే పనిచేస్తుందట, పెద్ద జట్లలో అంతే వేగంగా పరిగెత్తే బ్యాకులు (డిఫెండర్లు) ఉంటారట. నాకెందుకో ఆ మాట మింగుడు పడట్లేదు. అసలు జాతీయ జట్టు ఎటాక్‌లో వేగమున్న వింగర్ చేసే పనేంటి? గోల్స్, అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాసులు) లెక్కపెడితే తేలిపోతుందా? ఆడినవాళ్లు, ఆడించేవాళ్లు చెప్పండి.

హలసూరు_కోచ్

తమ్ముడూ, ఆ ఫైనల్ వీడియో మళ్లీ పెట్టుకున్నప్పుడు బంతి వైపు చూడకు. ఛాంగ్తేని కాచుకునే లెఫ్ట్ బ్యాక్ ఎవరో, అతణ్ణి మాత్రమే చూడు. ఎంత ముందుకొస్తున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఎప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వింగర్ విలువ ముందు అక్కడ తెలుస్తుంది. గోల్స్ పట్టికలో తర్వాత.

నేను గౌతంపుర పక్కన పిల్లలకి శని, ఆదివారాలు ఆట నేర్పిస్తాను. వాళ్లకి బోర్డు మీద మొదట గీసేది ఇదే. వింగర్ వేగంగా ఉంటే అతని ఎదురుగా ఉన్న బ్యాక్ నాలుగడుగులు వెనక్కి తగ్గి నిలబడతాడు. ఆ ఒక్కడు తగ్గగానే ఆఫ్‌సైడ్ గీత (పాస్ వేసే క్షణంలో ఎటాకర్ దాటి ఉండకూడని హద్దు) కూడా అతనితో పాటు వెనక్కి జరుగుతుంది. కాబట్టి మిగతా ముగ్గురు డిఫెండర్లు కూడా తగ్గక తప్పదు, లేకపోతే వాళ్ల వెనక మనవాడు హాయిగా నిలబడతాడు. డిఫెన్స్ అలా దిగిపోయాక వాళ్ల మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఫైనల్లో ఛెత్రి, సహల్ తిరిగింది ఆ ఖాళీలోనే. అంటే ఛాంగ్తే బంతి ముట్టుకోకుండానే ఛెత్రికి ఊపిరాడేంత చోటు సంపాదించి పెట్టాడు. ఇది ఏ పట్టికలోనూ కనపడదు.

2018 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ సంగతి గుర్తు చేసుకో. వాళ్ల స్ట్రైకర్ జిరూ టోర్నమెంట్ మొత్తంలో గోల్ మీదికి సూటిగా ఒక్క షాట్ కూడా కొట్టలేదు. అయినా కోచ్ డెషాంప్ అతణ్ణి తీయలేదు, కప్పు వాళ్లదే. కజాన్‌లో అర్జెంటీనా మీద 4-3 మ్యాచ్ చూడు. మొదట్లోనే ఎంబాపే సొంత సగం నుంచి బంతితో బయల్దేరాడు. అర్జెంటీనా డిఫెండర్ రోహో పట్టి పడేయక తప్పలేదు, పెనాల్టీని గ్రీజ్‌మన్ గోల్ చేశాడు. తర్వాత ఎంబాపే కొట్టిన రెండు గోల్స్‌లో రెండోదానికి పాస్ ఇచ్చింది ఎవరనుకున్నావ్? జిరూ. కుడివైపు పరుగు, మధ్యలో గోడలా నిలబడే మనిషి, ఎడమవైపు కాపలాకి మతుయిడి. ఒక్కడి వేగం చుట్టూ జట్టు మొత్తాన్ని అమర్చుకున్నారు. అలా అమర్చితేనే వేగం ఆయుధమవుతుంది.

ఇక నీ అసలు ప్రశ్న. ఆసియా కప్‌లో ఛాంగ్తే వేగం ఎక్కడికీ పోలేదు. ఆ వేగం దగ్గరికి బంతి రాలేదు, అంతే. ఆస్ట్రేలియా మీద మనం ఎంత లోతుగా కూర్చున్నామో చూశావుగా. మన వింగర్లు సొంత బాక్సు దగ్గర బ్యాకుల పక్కన నిలబడి కాపలా కాస్తున్నారు. అక్కడి నుంచి అవతలి గోల్ దాకా డెబ్బై ఎనభై మీటర్లు. అంత దూరం ఒక్కడే పరిగెత్తి, ఎదురొచ్చిన ఇద్దరిని దాటి, ఆపైన షాట్ కొట్టాలి. ఎవరివల్లా అయ్యే పని కాదది. పైగా బంతి గెలిచిన క్షణంలోనే ముందుకి మంచి పాస్ వేసేవాడు కావాలి. వెనక నుంచి పొడుగు పాసులు వేసే అన్వర్ అలీ గాయంతో వెళ్లలేదు, మిడ్‌ఫీల్డ్‌లో జీక్సన్ లేడు, ఇంకో వైపు ఆషిక్ లేడు. ముగ్గురూ గాయాలతోనే ఆగిపోయారు. వింగర్‌ని తిట్టేముందు ఆ మూడు ఖాళీల్ని చూడాలి.

మరో మాట. క్లబ్బుకి రోజూ ప్రాక్టీస్ ఉంటుంది, జాతీయ జట్టుకి మ్యాచ్ ముందు దొరికేది కొన్ని రోజులే. అన్ని రాష్ట్రాల నుంచి, అన్ని క్లబ్బుల నుంచి వచ్చినవాళ్లకి ఆ కొద్ది రోజుల్లో అల్లికలాంటి పాసింగ్ నేర్పలేం. డిఫెన్స్ వెనక జాగాలోకి పరుగు, దానికో పాస్, ఇవి మాత్రం రెండు రోజుల్లో కుదురుతాయి. అందుకే వేగమున్న వింగర్ క్లబ్బులో కంటే జాతీయ జట్టులో ఇంకా ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

లెఫ్ట్‌బ్యాక్_అక్క

కోచ్ గారు చెప్పింది అవతలి వైపు నుంచి నేను చెప్తాను. నేను ఆస్టిన్ టౌన్ గ్రౌండ్ వైపు ఆడవాళ్ల మ్యాచుల్లో లెఫ్ట్ బ్యాక్ ఆడతాను. నా ఎదురుగా వేగమున్న అమ్మాయి వచ్చిన రోజు నా ఆట మొత్తం మారిపోతుంది. మామూలుగా మా ఎటాక్‌తో పాటు నేనూ పైకి వెళ్లి క్రాసులు (అంచు నుంచి గోల్ ముందుకి బంతులు) వేస్తాను. ఆ రోజు వెళ్లను. వెళ్తే తిరిగి రాలేనని తెలుసు. అంటే ఆ అమ్మాయి తన జట్టు ఎటాక్‌కి సాయం చేయడమే కాదు, మా ఎటాక్‌లోంచి ఒక మనిషిని తీసేసింది కూడా. ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఛాంగ్తే విషయంలో ఇంకో చిక్కుంది. అతనిది ఎడమ కాలు, ఎక్కువగా ఆడేది కుడివైపు. అతని ఎదురుగా ఉన్న లెఫ్ట్ బ్యాక్ ఏం చేయాలి? మైదానం అంచు గీత వైపు తోలితే పరుగులో ఓడిపోతాడు. లోపలికి వదిలితే అతని మంచి కాలు గోల్‌కి ఎదురవుతుంది. దాంతో సెంటర్ బ్యాక్‌ని సాయానికి పిలుస్తాం. సెంటర్ బ్యాక్ ఇటు వచ్చాడంటే మధ్యలో మీ స్ట్రైకర్ మీద ఒక్కడే మిగిలాడన్నమాట.

ఎడమవైపు ఆడితే వేరే కష్టం. 2023 నవంబర్‌లో కువైట్‌లో మనం 1-0తో గెలిచిన ప్రపంచ కప్ క్వాలిఫయర్ చూడండి. ఛాంగ్తే ఎడమవైపు నుంచి ఆ ఎడమ కాలితోనే క్రాస్ వేశాడు, మన్వీర్ గోల్ కొట్టాడు. రెండు వైపులా ఆడగలిగే వింగర్ ఉంటే అవతలి కోచ్ ఏ బ్యాక్‌కి సాయం పెట్టాలో ముందుగా తేల్చుకోలేడు.

ఒక్కటి మాత్రం మా పిల్లలకి పదే పదే చెప్తాను. పరుగు కంటే భయపెట్టేది, పరుగులో ఉన్న మనిషి ఉన్నట్టుండి ఆగడం. 2022 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ మీద కొరియా గెలిచిన గోల్ చూశారా? ఇంజురీ టైమ్‌లో సన్ హ్యూంగ్‌మిన్ సొంత సగం నుంచి పరిగెత్తుకొచ్చాడు. బాక్సు దగ్గర ముగ్గురు చుట్టుముట్టారు. అక్కడ ఇంకా వేగంగా వెళ్లబోతే బంతి పోయేది. ఆగాడు. హ్వాంగ్ హీచన్ వచ్చేదాకా కాచుకుని, కాళ్ల మధ్య నుంచి బంతి జారవిడిచాడు. 2-1, కొరియా నాకౌట్‌కి వెళ్లింది. ఆ ఆగడం నేర్పడానికి ఏళ్లు పడుతుంది.

వెస్ట్‌బ్లాక్_తెలుగు

ఉదాంత పేరు ఎవరూ ఎత్తలేదేంటి అన్నా? బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచులకి వెస్ట్ బ్లాక్‌లో నిలబడి అరిచిన వాళ్లకి కుడివైపు ఉదాంత సింగ్ పరుగంటే ఏంటో తెలుసు. 2019 జనవరి 6న అబుదాబిలో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టిన మ్యాచ్ పెట్టుకోండి. రెండో సగం మొదలైన వెంటనే కుడివైపు నుంచి ఉదాంత క్రాస్, ఆషిక్ తాకి ఇస్తే ఛెత్రి గోల్. మూడోది మరీ అందం. ఉదాంత లోపలికి ఇచ్చాడు, అనిరుధ్ థాపా గోల్‌కీపర్ మీదుగా చిప్ చేశాడు. రెండింట్లోనూ పేరు వేరేవాళ్లది, దారి వేసింది ఉదాంత. అది కూడా ఆసియా కప్పే, మరి అక్కడ వేగం పనిచేసిందిగా!

అనంతపురం_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. మా రూమ్మేట్‌కి ఇవన్నీ చదివి వినిపించాను. ఉదాంత దగ్గర కాస్త మెత్తబడ్డాడు కానీ ఇంకో మెలిక పెట్టాడు. వేగం అంత గొప్పదైతే 2024 మార్చిలో అఫ్గానిస్తాన్‌తో ఏమైంది అంటాడు. సౌదీలోని అభాలో 0-0, గువాహటిలో 1-2 ఓటమి, మన గోల్ కూడా ఛెత్రి పెనాల్టీయే. దీనికి నా దగ్గర జవాబు లేదు కోచ్ గారూ.

సికింద్రాబాద్_పెద్దాయన

బాబూ, మీ చర్చంతా చదివాను. చాలా సంతోషంగా ఉంది. మా అబ్బాయి దగ్గర ఉండటానికి వైట్‌ఫీల్డ్ వచ్చాను గానీ నా మనసు ఇంకా సికింద్రాబాద్ మైదానాల్లోనే ఉంటుంది. వింగర్ల గురించి మాట్లాడుతూ మన బలరామ్‌ని తలుచుకోకపోతే ఎలా? తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. 1962లో జకార్తాలో మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చుకున్నప్పుడు ముందు వరసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ ఉన్నారు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్.

మా తరం వాళ్లు ఆ ముగ్గురి గురించి మాట్లాడుకునే తీరు ఒకటుంది. కుడివైపు పీకేది వేగం, తుపాకీ గుండులాంటి షాట్. ఎడమవైపు బలరామ్ గీతకి అంటిపెట్టుకుని ఉండేవాడు కాదు. లోపలికొచ్చి ఆట కట్టేవాడు, గోల్స్ కూడా కొట్టేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద మన గోల్ అతనిదే. ఫ్రాన్స్‌తో 1-1 అయినప్పుడు కొట్టింది పీకే. ఒక రెక్క మీద వేగం, ఇంకో రెక్క మీద బుర్ర. రెండు వైపులా ఒకే రకం మనుషుల్ని పెడితే అవతలివాళ్లు అరగంటలో చదివేస్తారు. ఇప్పటి జట్టులో ఛాంగ్తే ఉన్నాడు. అతని అవతలి వైపు బలరామ్ లాంటివాడు ఎవరు? నాకు కనబడేది ఆ లోటే.

హలసూరు_కోచ్

పెద్దాయన గారికి నమస్కారం. మీరు చెప్పిందే అఫ్గానిస్తాన్ ప్రశ్నకి సగం జవాబు.

తమ్ముడూ, మీ రూమ్మేట్ వాదన అక్కడే తలకిందులవుతోంది చూడు. వేగం చిన్న జట్ల మీదే పనిచేస్తుందన్నాడు కదా? నిజానికి దానికి కష్టమొచ్చేది వాళ్ల మీదే. మన మీద డ్రా అయినా చాలనుకునే జట్టు వెనక జాగా వదలదు. పదిమందీ బాక్సు ముందు నిలబడితే ఛాంగ్తే ఎక్కడికని పరిగెత్తాలి? ఆడటానికి ముందుకొచ్చే పెద్ద జట్టు వెనక ఖాళీ ఉంటుంది. అదే 2024 జూన్ 11న దోహాలో ఖతార్ మీద 37వ నిమిషంలో బ్రాండన్ అందించిన బంతిని ఛాంగ్తే గోల్ చేశాడు. ఆ మ్యాచ్‌లో గీత దాటిపోయిన బంతితో రెఫరీ వాళ్లకి గోల్ ఇచ్చి మనల్ని ఎలా ముంచాడో తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. 1-2తో ఓడిపోయాం, ప్రపంచ కప్ క్వాలిఫయర్ల మూడో రౌండ్ ఆశ అక్కడితో పోయింది.

మరి జాగా లేని చోట ఏం చేయాలి? స్పెయిన్‌ని చూడు. 2018లో రష్యా మీద, 2022లో మొరాకో మీద వెయ్యికి పైగా పాసులు వేసి, రెండుసార్లూ పెనాల్టీల్లో ఇంటికెళ్లారు. బంతి వాళ్ల దగ్గరే, ఎదురుగా గోడ. 2024 యూరో నాటికి ఎడమవైపు నీకో విలియమ్స్, కుడివైపు పదహారేళ్ల లమీన్ యమాల్ వచ్చారు. ఇద్దరూ గీతల దగ్గర వెడల్పుగా నిలబడేసరికి గోడ సాగదీసినట్టయింది. ఫైనల్లో ఇంగ్లాండ్ మీద మొదటి గోల్ కూడా యమాల్ కుడి నుంచి లోపలికొచ్చి ఎడమకి వేస్తే నీకో కొట్టిందే. ఒక వింగర్ బంతి ఇస్తే ఇంకో వింగర్ ముగించాడు.

నువ్వు కంఠీరవలో కళ్లారా చూసిన గోల్ కూడా ఆ జాతిదే. ఆట అంతా ఇవతలి వైపు నడిచింది, కువైట్ డిఫెండర్ల కళ్లన్నీ ఇటే ఉన్నాయి, ఛాంగ్తే అవతలి నుంచి వచ్చాడు. అక్కడ అతను బంతితో పరిగెత్తలేదు, బంతి లేకుండా పరిగెత్తాడు. గోడ కట్టిన జట్ల మీద అతణ్ణి వాడాల్సింది అలాగే. అతని వైపు ఆట మొదలుపెట్టకూడదు, అతని వైపు ముగించాలి. దానికి ఇవతల బంతి పట్టుకుని ఇద్దర్ని లాగగలిగేవాడు కావాలి. సహల్ ఫిట్‌గా ఉన్నప్పుడు ఆ పని చేస్తాడు, మహేశ్ చేయగలడు. నా చేతిలో ఉంటే ఎడమవైపు వాళ్లలో ఒకణ్ణి పెట్టి, మిడ్‌ఫీల్డ్ నుంచి మొదటి టచ్‌లోనే ముందుకి చూసేవాణ్ణి వెతుకుతాను. ఇంకో వేగమైన కుర్రాణ్ణి వెతకను.