మొక్క దొరికిన చోటు అందరికీ చెప్పాలా, దాచాలా?

పాతబీరువా: మా కాలేజీ బాటనీ ల్యాబులో ఎండబెట్టి షీట్లకు అంటించిన మొక్కలు బీరువా నిండా ఉన్నాయి. ఎక్కువ శేషాచలం కొండలవే. పిల్లలతో ఫోటోలు తీయించి, లేబుళ్లు టైపు చేయిస్తున్నా. ఆన్‌లైన్‌లో పెడదామంటే డిపార్ట్‌మెంటులోనే రెండు వర్గాలయ్యాయి. దొరికిన చోటుతో సహా పెట్టాలా?

కొండదారి: వద్దు సార్. పేరీత సంగతి మీకు తెలీనిదా? శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమీ. తిరుపతి, కడప కొండల్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చారు. మగచెట్టు కంకి మందుకని కోసుకుపోతే ఆడచెట్టుకు పుప్పొడి ఏది, విత్తనం ఏది? జీపీఎస్ అంకెలు పెట్టడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

పీలేరుపిల్ల: ఎర్రచందనం నరికేటోళ్లు హెర్బేరియం, అదే ఈ ఎండు మొక్కల బీరువా, చూసుకొని వచ్చినారా అన్నా? దొంగకు దారి ముందే తెలుసు. తెలీనిది మాలాంటి చదువుకునేవాళ్లకే. ఒక షీటు చూడాలంటే ఉత్తరం రాసి, అనుమతి తెచ్చుకొని, బస్సెక్కి పోవాల. ఇంకోటి, అడవిలో ఆ మొక్క చూపించింది చాలాసార్లు యానాదులే. లేబుల్ మీద మాత్రం సేకరించిన సారు పేరొక్కటే. దాన్నెవరూ అడగరేం?

తోతాపురిరైతు: పురుగులవి కూడా దాస్తారా? మామిడి పూతకు తేనెమంచు పురుగు వెనకటి రోజుల్లో ఏ నెలలో కనపడిందో ఆ చీటీల్లోనే కదా ఉండేది. దాచి ఏం చేసుకుంటారు సామీ?

పాతబీరువా: నిన్న కీటకాల పెట్టె తెరిచాం. పిన్ను ఉంది, దాని కింద చీటీ ఉంది, సీతాకోకచిలుక లేదు. అడుగున గోధుమరంగు పొడి. నాఫ్తలీన్ ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి, ఇంకో పురుగు దూరి తినేసింది. చీటీ మీద ఊరు, తేదీ చక్కగా ఉన్నాయి. అప్పుడే అనిపించింది, దాచి కాపాడేది ఏముందని. పేరీతకైతే, జనం చూసిన మొక్కలు, జంతువుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ సైటు పద్ధతి బాగుంది. అరుదైన వాటికి అసలు చోటు చూపకుండా మ్యాపు మీద 0.2 డిగ్రీల గడిలోకి, అంటే సుమారు 22 కిలోమీటర్లలోకి, తోసేస్తుంది.

కొండదారి: అంకెలు తోసేస్తారు సరే. షీటు ఫోటోలో లేబుల్ ఉంటుందిగా! పెద్దది చేసి చూస్తే వాగు పేరు, ఎత్తు, అన్నీ చదవొచ్చు.

పాతబీరువా: అది తట్టలేదు. ఇప్పటికే చాలా ఫోటోలు తీసేశాం. సరే, పేరీత షీట్లు లేబుల్ మీద తెల్లకాగితం పెట్టి మళ్లీ తీయిస్తా. పూర్తి వివరాలు అడిగిన పరిశోధకులకు విడిగా ఇస్తాం. మిగతావి ఉన్నవున్నట్టే పెడతాం. యానాదుల సంగతి పాత షీట్లలో చేయగలిగింది లేదు. కొత్త వాటికి చూపించినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటేనే, రాసే గడి పెడుతున్నాం.

తోతాపురిరైతు: పురుగుల చీటీలు మాత్రం మూయొద్దు సార్.