ఒక్క రాత్రిలో సున్నుండల డబ్బా ఖాళీ. ఇది జబ్బా, తిండిపోతుతనమా?

మూడో అంతస్తు

బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది తెనాలి. బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతిలా కూడా లేదు.

పోయిన నెల మా ఊరి నుంచి వస్తున్న వాళ్లతో అమ్మ సున్నుండలు పంపింది. స్టీలు డబ్బా, మూత ఊడకుండా పాత చీర అంచుతో ముడి. పద్దెనిమిది ఉన్నాయి, లెక్క గుర్తుంది. "గదిలో పిల్లలకు కూడా పెట్టు" అని ఫోనులో రెండుసార్లు చెప్పింది. ఆ రాత్రి ఒకడు ఊళ్లో లేడు, ఇంకొకడు నిద్రపోయాడు. పదకొండున్నరకు ఒకటి తీసుకున్నాను. తర్వాత డబ్బా పట్టుకుని డాబా మీదికి, నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాను. మొదటి మూడింటి రుచి తెలిసింది. ఆ తర్వాత రుచీ లేదు, నమలడమూ లేదు. ఒకటి నోట్లో ఉండగానే చెయ్యి ఇంకోదాని మీద ఉండేది. నెయ్యి అంగిట్లో పేరుకుపోయి నీళ్లు తాగినా దిగలేదు. ఆపాలని తెలుసు. నా చెయ్యి నా మాట వినలేదు, అంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు. అరగంటలో అయిపోయాయి. కిందికి వచ్చి, వేయించిన మినప్పిండి వాసన పోయేదాకా డబ్బాను సబ్బుతో కడిగి బీరువా మీద బోర్లించాను. పొద్దున్న వాడు అడిగితే "చీమలు పట్టాయి, పారేశాను" అన్నాను. సాయంత్రం అమ్మ ఫోను చేసి "వాళ్లకు నచ్చాయా?" అని అడిగింది. చాలా బాగున్నాయన్నారని చెప్పాను.

ఒక్కసారి జరిగిందైతే ఈ ఫోరంలో రాసేవాణ్ని కాదు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఏదో ఒకటి ఇలాగే. మా సందు చివర అయ్యంగార్ బేకరీలో ఒక దిల్‌పసంద్, నాలుగు ఖారా బన్నులు కట్టించుకుంటాను. అతను అడగకపోయినా "గదిలో వాళ్లందరికీ" అని చెబుతాను. ఫోనులో తెప్పించుకున్న రోజు బెల్లు కొట్టవద్దని రాసి, గేటు దగ్గర చీకట్లో నిలబడి అందుకుంటాను.

మొదలైంది రెండో సంవత్సరం చివర్లో, విజయవాడలో పిన్ని కూతురి పెళ్లి తర్వాత. "బెంగళూరు నీళ్లు బాగా పట్టినట్టున్నాయే" అని ఒకరు, "వీడి పెళ్లికి బట్టలు తానుల లెక్కన కొనాలి" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి వచ్చిన రోజు నుంచి టిఫిను మానేశాను. మధ్యాహ్నం కీరదోస ముక్కలు, పెరుగు. సాయంత్రం ఆరు దాకా నా అంత నిగ్రహం ఉన్నవాడు కాలేజీలో ఉండడు. రాత్రి పూనకం వచ్చినట్టు అవుతుంది. అలా తిన్న మర్నాడు రోజంతా మంచినీళ్లే. వాంతి చేసుకోవడం లాంటివి లేవు. క్లాసులో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతుంటే నోటుపుస్తకం అంచున రాత్రికి ఏం తినాలో జాబితా రాసుకుంటున్నాను.

స్నేహితులకు నేను "భలే తింటాడు". వాళ్లు చూసేది పావు వంతు కూడా కాదు. ఇది జబ్బా, లేక నాకు సిగ్గూ శరం లేవా? ఇంట్లో తెలియకుండా ఎవరికైనా చూపించుకోవచ్చా?

ఉక్కు సంకల్పం

జబ్బూ లేదు, గిబ్బూ లేదు. క్రమశిక్షణ లేదు, అంతే. రాత్రి ఏడు దాటాక నోరు కట్టేయండి. ఫోనులో ఆ యాప్ తీసేయండి. గదిలో తినే వస్తువు ఉంచవద్దు. నేను రోజుకు 16 గంటల ఉపవాసంతో ఆరు నెలల్లో సన్నబడ్డాను. ఇంటి నుంచి డబ్బా వస్తే వచ్చిన పూటే నలుగురికీ పంచేయాలి. మనసుంటే మార్గముంటుంది.

సిల్క్‌బోర్డు బాధితురాలు

తమ్ముడూ, నేను చీమలు అనలేదు, ఎలుక అన్నాను. కజ్జికాయల డబ్బా. ఎలుక వచ్చిందని పీజీ ఓనరు బోను తెచ్చి గదిలో పెట్టాడు. నెల రోజులు ఆ బోనును చూస్తూ నిద్రపోయాను. కాబట్టి నీ సిగ్గు సంగతి నాకు కొత్తగా వివరించనక్కర్లేదు.

పైన రాసిన పెద్దమనిషికి ఉపవాసం పడి ఉండవచ్చు, సంతోషం. కానీ ఈ అబ్బాయి రాసింది మళ్లీ చదవండి. ఇతను ఇప్పటికే ఉపవాసం చేస్తున్నాడు. నిప్పు ఆర్పడానికి కిరోసిన్ సరిపోలేదు, ఇంకో డబ్బా పోయమన్నట్టుంది మీ సలహా.

నోటుపుస్తకం అంచున జాబితా రాస్తున్నానన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. 1944లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకుని 24 వారాలు అరకొర తిండి పెట్టాడు. యుద్ధంలో ఆకలితో అలమటించిన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి. వాళ్లంతా ఒప్పుకుని చేరినవాళ్లు, నిగ్రహంలో మనకంటే ఒక మెట్టు పైనే. కొన్ని వారాలకు వాళ్లు వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. మాటల్లో తిండే, కలల్లో తిండే. ఆంక్షలు ఎత్తేశాక కొందరు కడుపు నొప్పి పుట్టేదాకా తిని కూడా ఇంకా ఆకలి తీరలేదన్నారు. వాళ్లెవరికీ పెళ్లిలో పిన్నులు లేరు. కడుపు మాడిస్తే ఒళ్లు చేసే పని అది.

నాది నాలుగేళ్ల కథ, అంతా చెప్పను. మొదట ఒక వైద్యుడి దగ్గరికి వెళితే బరువు తూచి, డైట్ చార్టు చేతిలో పెట్టి, "నోరు అదుపులో పెట్టుకోమ్మా" అన్నాడు. బయటికి వచ్చి ఆ చార్టులో పొట్లం కట్టించుకుని బజ్జీలు తిన్నాను. నిజంగానే. తర్వాత రెండేళ్లు ఎవరి దగ్గరికీ పోలేదు. అది నా తప్పు కాదని ఇప్పుడు అనిపిస్తుంది గానీ రెండేళ్లు పోయాయి కదా.

పని చేసింది ఒక క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన పద్ధతి. ఆవిడ తూకం అడగలేదు. ఇరవై రూపాయల నోటుపుస్తకం కొనమంది. ఏ వేళ, ఏం తిన్నాను, ఎక్కడ, పక్కన ఎవరైనా ఉన్నారా, ముందు మనసులో ఏముంది, ఇంతే. కేలరీలు రాయకూడదు. చెయ్యి మాట వినని పూట పక్కన ఒక చుక్క. తిన్న వెంటనే రాయాలి, మర్నాడు కాదు. రెండు వారాల తర్వాత పుస్తకం ఆవిడ ముందు పెడితే ఒక్క మాట మాట్లాడకుండా నా వైపు తిప్పింది. చుక్కలన్నీ రెండు రకాల రోజుల్లోనే ఉన్నాయి: మధ్యాహ్నం రెండు దాకా ఏమీ తినని రోజులు, ఇంటికి ఫోను చేసిన ఆదివారాలు.

ఆ తర్వాత చెప్పింది ఇంకా కష్టం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిన్నపాటి తిండి, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలకు మించకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా గడియారం చూసి తినాలి. రాత్రి ఏం జరిగినా మర్నాడు ఎనిమిదికి టిఫిను తినాలి. ఆ చివరి నియమం విని ఆవిడకు మతి పోయిందనుకున్నాను. అర్ధరాత్రి అంత తిన్న మనిషి పొద్దున్నే మళ్లీ తినడమా? మొదటిసారి మడివాళలో ఒక దర్శినిలో, నిలబడి తినే ఆ స్టీలు బల్ల దగ్గర రెండు ఇడ్లీల ముందు నిలబడ్డాను. సాంబారులో అవి నాని ఉబ్బిపోయాయి. పక్కన ఇద్దరు వచ్చి దోసె తిని, కాఫీ తాగి వెళ్లిపోయారు. బల్ల తుడిచే అబ్బాయి మూడుసార్లు వచ్చి చూశాడు. నలభై నిమిషాలు పట్టింది. ఏడుస్తూ తిన్నాను.

రెండు వారాల్లో తగ్గుతుందని అనుకోకు. నాకు మొదటి నెల చుక్కలు అలాగే వచ్చాయి. రెండో నెలలో రాత్రి పదకొండుకు వచ్చే ఆ పూనకంలో జోరు తగ్గింది, దానికి కడుపులో చోటు దొరకలేదు మరి. వారానికోసారి చొప్పున దాదాపు ఐదు నెలలు వెళ్లాను. బరువు గురించి ఏమీ చెప్పను, అడగవద్దు. నువ్వు ఇప్పుడు చూడాల్సింది దాన్ని కాదు.

ఇంకొకటి. బేకరీ అతనికి "అందరికీ" అని చెప్పడం మానెయ్యి. అతనికి అక్కర్లేదు. ఆ అబద్ధం నీకోసమే చెబుతున్నావు.

వార్డు డ్యూటీ

మానసిక వైద్య విభాగంలో పని చేస్తాను. ఇక్కడ కూర్చుని నిర్ధారణ చేయడం కుదరదు, అడిగిన వాటికి మాత్రం జవాబు చెబుతాను.

జబ్బా అంటే, బింజ్ ఈటింగ్ డిజార్డర్ అనేది మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా పుస్తకంలో, అంటే 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో విడి జబ్బుగానే ఉంది. తక్కువ వ్యవధిలో మామూలు మనిషి తినలేనంత తినడం, ఆ వేళ అదుపు తప్పినట్టు అనిపించడం, సగటున వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలు. ఆకలి లేకున్నా తినడం, గబగబా తినడం, సిగ్గుతో చాటుగా తినడం, తర్వాత తనపై తనకే అసహ్యం, ఇవన్నీ ఆ లక్షణాల పట్టికలోవే. మీరు చదివి రాయలేదు కదా, అయినా దాదాపు అలాగే రాశారు.

ఒక విషయం మాత్రం డాక్టరుకు దాచవద్దు. మర్నాడు మంచినీళ్లతో గడపడం. అతిగా తినడం, ఆపైన దాన్ని సరిచేసుకోవాలని చూడడం, ఈ జబ్బును బులీమియా అంటారు. చాలామంది వాంతి చేసుకుంటేనే అది అనుకుంటారు. తిన్నదాన్ని సరిచేయడానికి పదే పదే పస్తులుండడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పేరు ఏదైనా చికిత్సలో మొదటి మెట్టు ఒకటే, పై అక్కగారు చెప్పిన క్రమమైన తిండి. పనిలో పనిగా షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి.

ఇంట్లో తెలియకుండా అన్నారు. మీకు 18 నిండాయి కాబట్టి మీ చికిత్సకు మీ సమ్మతి చాలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. ప్రాణాపాయం వంటి సందర్భాలు వేరు. బీటీఎం నుంచి నిమ్హాన్స్, అదే కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ, ఎంత దూరమని? హోసూరు రోడ్డు మీద, డెయిరీ సర్కిల్ దగ్గర. వెళ్లడానికి ఇంకా కాళ్లు ఆడకపోతే ముందు 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు, ఆ క్షణమే ఎవరినైనా లేపండి.

ఉక్కు సంకల్పం

సరే, ఆ అబ్బాయి అప్పటికే పస్తులుంటున్నాడన్నది నేను సరిగ్గా చదవలేదు. ఉపవాసం మాట వెనక్కి తీసుకుంటున్నాను. యాప్ తీసేయమన్న మాట మీద మాత్రం ఉన్నాను.

డబ్బాలు పంపే అమ్మ

బాబూ, మా వాడు చెన్నైలో చదువుతున్నాడు. నెలకో డబ్బా పంపుతాను. నీది చదివాక నిద్ర పట్టలేదు. "మొత్తం నేనే తినేశానమ్మా" అని మా వాడు చెబితే నేనేం చేసేదాన్నా అని ఆలోచించాను. మురిసిపోయి మర్నాడే ఇంకో డబ్బా చేసి పంపేదాన్ని. కాబట్టి మీ అమ్మకు ఊరికే చెబితే సరిపోదు. ఏం పంపాలో, ఎంత పంపాలో కూడా నువ్వే చెప్పు. ఇంకో మాట. పోయిన సంక్రాంతికి మా వాడు రైలు దిగగానే నేను అన్న మొదటి మాట "ఏరా, బుగ్గలు వచ్చాయే" అని. ముద్దుగానే అన్నాను. వాడు ఆ మూడు రోజులూ ఏం తిన్నాడో ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాను.

మూడో అంతస్తు

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

అక్కా, తొమ్మిదిలో ఆరు రోజులు టిఫిను తిన్నాను. మెస్సులో ఎనిమిదింపావుకు ఉప్మా పెడతారు, గరిటెతో వేస్తే పళ్లేనికి అతుక్కుపోతుంది. తిన్నాను. పుస్తకంలో మూడు చుక్కలు ఉన్నాయి. అందులో రెండు టిఫిను తిన్న రోజులే, అది చూసి మానేద్దామనుకున్నాను. కానీ ఆ రెండు రోజులూ మధ్యాహ్నం "పొద్దున్న తిన్నాను కదా" అని అన్నం మానేసింది నేనే, అదీ పుస్తకంలోనే ఉంది.

డాబా మీద అదే ట్యాంకు వెనక నిలబడి 14416కు ఫోను చేశాను. గొంతు పెగలడానికి కాసేపు పట్టింది, ఆవిడ పెట్టేయలేదు. మంగళవారం పొద్దున్న నిమ్హాన్స్‌కు వెళుతున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. నెయ్యి వేసినవి కొన్నాళ్లు వద్దు, కందిపొడి పంపమని మాత్రం చెప్పాను. జ్వరమా అని అడిగింది.

నిన్న రాత్రి గదిలో వాడికి చెప్పేశాను. సున్నుండలు చీమలు తినలేదురా, నేనే తిన్నాను అన్నాను. వాడు ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. "తెలుసు. చీమలు డబ్బా కడిగి బోర్లిస్తాయా?" అన్నాడు. నెల రోజులుగా తెలుసట.

మంగళవారం వాడికి ల్యాబ్ ఉంది. అయినా వస్తానంటున్నాడు.