పాముకాటు అధ్యయనం: కంట్రోల్ రక్తమే 20 నిమిషాల్లో గడ్డకట్టడం లేదు

శ్రీకాకుళం జిల్లాలో రక్తపింజర కాటు కేసులపై అధ్యయనం చేస్తున్నాం. మెళియాపుట్టి, పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎమర్జెన్సీలోనే 20 నిమిషాల గడ్డ పరీక్ష పెడుతున్నాం: గాజు ట్యూబులో రక్తం పోసి, 20 నిమిషాలు ఉంచి వంచుతాం; గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కినట్టు. (నాగుపాము, కట్లపాము కాట్లు ఇందులో లేవు, వాటికి ఈ పరీక్ష ఎలాగూ పనికిరాదు.)

ప్రతి రోగి ట్యూబ్ పక్కన ఆరోగ్యవంతుల రక్తం 2 ఎం.ఎల్. కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి, పెడతాం. సమస్య అక్కడే. కొన్ని కంట్రోల్ ట్యూబులు 20 నిమిషాలకు వంచితే రక్తం ఇంకా జారుతోంది, 25–30 మధ్య గడ్డ కడుతోంది. అదే మనిషికి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ల్యాబ్ పరీక్ష) మామూలుగానే ఉంది. ఇలాగైతే రోగి ట్యూబ్‌ను ఏం నమ్ముతాం? అక్కర్లేని యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు) 10 వయల్స్ ఎక్కించేస్తాం.

మొదట సబ్బు మరకల మీదే అనుమానం. కడిగిన ట్యూబులు పక్కనపెట్టి, పెట్టె విప్పిన కొత్త బోరోసిలికేట్ ట్యూబులు (12×75 ఎం.ఎం.) వాడాం. ఏసీ గది మానేసి 30 డిగ్రీల దగ్గర పెట్టాం. సిరంజి నుంచి సూది తీసి, నిమిషంలోపే, నురగ రాకుండా పోశాం. మధ్యలో కదపలేదు, వంచడం ఒక్కసారే. అయినా తేడా పోలేదు.

ఈ పరీక్ష రోజూ చేసేవాళ్లు చెప్పండి: కంట్రోల్ రక్తం ప్రతిసారీ 20 నిమిషాల్లోపు గడ్డకట్టేలా మీరు వాడుతున్న ట్యూబ్ ఏ రకం గాజు, ఏ సైజు?