మూడేళ్లవాళ్లతో అక్షరాలు రాయించాలా?

గాజువాకలో ప్రీస్కూల్ టీచర్‌ని, రెండో ఏడాది. నా దగ్గర 18 మంది, అందరూ మూడేళ్లవాళ్లే. "ఇంకా అ ఆలు రాయట్లేదేంటమ్మా" అని తల్లులు రోజూ గేటు దగ్గరే నిలదీస్తున్నారు. పెన్సిల్ ఇస్తే పిడికిలితో పట్టుకుంటున్నారు. ఏం చేయను?

జవాబు 1: ముందు వేళ్లకి బలం రావాలి కదండీ. చపాతీ పిండితో ఉండలు చేయించండి, పాత కాగితాలు చింపించండి. భీమిలి అంగన్‌వాడీలో నేను పళ్లెంలో ఇసుక పోసి వేలితో గీయించేదాన్ని. అక్షరాలు కాదు, గీతలు, సున్నాలు. పెన్సిల్ పట్టు తర్వాత దానంతటదే కుదిరింది.

జవాబు 2: తల్లులకి చెబితే వినరు, చూపించాలి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అంది, ఆటలతోనే నేర్పమంది. ఓ శనివారం వాళ్లనీ పిలిచి పిల్లల పక్కన కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఇసుక ఇవాళే పెట్టానండీ. ఒకడు సున్నా గీసి "పునుగు టీచర్, తినండి" అన్నాడు. సగం ఇసుక నా చీర మీదే ఉంది.