‘వెలుగు కమ్మని పలుకగా’: ఆ కమ్ము ఏ కమ్ము?

ప్రశ్న:
బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము 1:3లో “దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను” అని ఉంది. ‘కమ్మని’ అంటే అంతటా కమ్ముకోమనా? పై వచనంలో చీకటి “అగాధ జలముపైన కమ్మియుండెను” అన్నారు కదా. చీకటి కమ్మిన చోటనే వెలుగును కమ్ముకోమన్నాడు, అంటే తొలిరోజే వెలుగు చీకటిని ఓడించిందని ఒక ప్రసంగంలో విన్నాను. వ్యాకరణం ఒప్పుకుంటుందా?

జవాబు:
ఒప్పుకోదండీ. అవి రెండు వేర్వేరు కమ్ములు. 2వ వచనంలోది ఆవరించడం. మబ్బు కమ్మింది, కళ్లకు చీకట్లు కమ్మాయి అంటామే, అది. 3వ వచనంలోది ‘అగు’ ధాతువుకు విధిరూపం. వచ్చుకు రమ్ము, పోవుకు పొమ్ము, ఇచ్చుకు ఇమ్ము ఎలాగో అగుకు కమ్ము అలాగ. కమ్ము + అని = కమ్మని. ఈ రూపం మాటల్లోంచి పోయింది కాబట్టి మన చెవికి ఆవరించడమే తోస్తుంది. ఇక కమ్మని పాటలోని ‘కమ్మని’ మూడోది, దాన్ని ఇక్కడికి లాక్కురాకపోతే మేలు.

మూలభాష హీబ్రూలో ఆజ్ఞకూ అది జరగడానికీ ఒకటే క్రియ: యెహి ఓర్, వయెహి ఓర్. అన్నమాట అన్నట్టే అయిపోయిందన్న విసురు ఆ పునరుక్తిలో ఉంది. తెలుగులో కమ్ము, కలిగెను అని రెండు క్రియలు పడేసరికి ఆ విసురు కొంత తగ్గింది.

వ్యాకరణం సంగతి అటుంచితే, కథలోనూ ఓటమి లేదు. చీకటిని తరిమినట్టు, చంపినట్టు ఒక్క మాట చూపించండి. వేరుపరిచాడు, రాత్రి అని పేరు పెట్టాడు, అంతే. పైగా నాలుగో రోజున ఆ రాత్రిని ఏలడానికి చిన్న జ్యోతిని కూడా నియమించాడు. శత్రువుకు ఎవరైనా పాలకుణ్ణి నియమిస్తారా? చీకటికి దొరికింది హద్దు, పేరు, వంతు.

మరొకరు:
మాస్టారూ, “వెలుగు మంచిదైనట్టు” అని వెలుగునొక్కదాన్నే అన్నాడు. చీకటిని అనలేదు. చీకటి కలుగుగాక అన్న ఆజ్ఞ కూడా లేదు. అంటే అది దేవుడు చేయని చెడ్డదనేగా?

జవాబు:
మంచి పట్టే పట్టారు. ఆ రెండు మౌనాలూ నిజమే. కానీ మంచిదనకపోవడం చెడ్డదనడం కాదు. హీబ్రూలో రెండో రోజున ఆకాశ విశాలానికి కూడా ‘మంచిది’ అన్న మాట లేదు, ఆకాశం చెడ్డదని ఎవరూ అనలేదు. మీరడిగిన వాదమే 4వ శతాబ్దంలో బసిలు అనే క్రైస్తవ బిషప్పు ముందుకూ వచ్చింది. ఆ చీకటి దేవునికి ఎదురు నిలిచిన దుష్టశక్తి అనేవారికి ఆయన జవాబు సూటిగా ఉంటుంది: చీకటి ఒక జీవి కాదు, వెలుగు లేకపోవడమే.

యెషయా 45:7 ఇంకో అడుగు ముందుకేస్తుంది: “నేను వెలుగును సృజించువాడను అంధకారమును కలుగజేయువాడను”. తెలుగులో సృజించడం వెలుగు వంతుకొచ్చింది గానీ, హీబ్రూలో ఆదికాండం తొలి వచనంలోని ‘సృజించెను’ క్రియ ఇక్కడ పడింది చీకటి మీద. వెలుగుకు వాడింది కుమ్మరి మట్టికి రూపమిచ్చే క్రియ. చీకటికి వేరే యజమాని లేడని ఇంతకంటే గట్టిగా చెప్పడం కష్టం.

మొదట అడిగినవారు ప్రసంగంలో విన్న గెలుపు యోహాను సువార్త నుంచి వచ్చి ఉంటుంది. “ఆ వెలుగు చీకటిలో ప్రకాశించుచున్నది గాని చీకటి దాని గ్రహింపకుండెను” అన్నచోట వెలుగంటే క్రీస్తు, చీకటంటే ఆయన్ని కాదన్న లోకం. యోహాను కూడా “ఆదియందు” అనే మొదలుపెట్టాడు, కాబట్టి రెండూ కలిపి చదవమనే ఆయన ఉద్దేశం. క్రైస్తవులు అలా చదవడంలో తప్పేమీ లేదు. ఆ చీకటిని తెచ్చి ఆదికాండం 2వ వచనంలో పోస్తేనే పేచీ.

ఇంకొకరు:
సూర్యుడు నాలుగో రోజున గదా వచ్చింది. మరి మొదటి మూడు రోజుల వెలుగు ఎక్కడిది?

జవాబు:
కథ చెప్పదు. తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీను ఆ వెలుగంటే దేవదూతల సృష్టి అన్నాడు. నాకది అతికించినట్టే అనిపిస్తుంది. నాలుగో రోజున సూర్యచంద్రుల పేర్లే పలక్కుండా పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని ఊరుకోవడం ఎక్కువ ఆసక్తికరం. చుట్టుపక్కల జనం వాటిని దేవుళ్లుగా కొలిచేవారు. ఇక్కడవి దీపాలు, వెలుగు వాటి సొంతం కాదు.

మొదట అడిగినవారు:
చివరిగా ఒకటి. “అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను”. అస్తమయం ముందెందుకు?

జవాబు:
యూదులు రోజును సూర్యాస్తమయంతోనే మొదలుపెడతారు, విశ్రాంతిదినం శుక్రవారం సాయంత్రమే వస్తుంది. ఆ లెక్కకు ఈ వాక్యమే వాళ్ల ఆధారం. ఆ రోజులో ముందు వచ్చేది రాత్రే. ఇంకోటి, మొదటి దినము అనలేదు, ‘ఒక దినము’ అన్నారు. అనువాదకుల పొరపాటు కాదది. హీబ్రూలోనూ ‘ఒక’ అనే ఉంది, ఆ తర్వాత నుంచే రెండవ, మూడవ.