లోపం చూపిస్తే నామీదే కేసు పెడతామంటున్నారు, ఏం చేయాలి?

ఓరుగల్లు_కోడర్:
అన్నలకి, అక్కలకి నమస్తే. బీటెక్ ఫైనలియర్ చదువుతున్నా. పోయిన నెల నాన్నకి షుగర్ టెస్టు చేయిస్తే ల్యాబ్ వాళ్లు రిపోర్టు లింకు ఫోన్‌కి పంపారు. ప్రింటు తీద్దామని నెట్ సెంటర్లో ఆ లింకు చూసి టైప్ చేస్తూ చివరి అంకె 7 బదులు 8 కొట్టాను. ఎవరో పెద్దావిడ థైరాయిడ్ రిపోర్టు తెరుచుకుంది. పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. ఇది ఒక్కదానికేనా అని ఇంకో నంబరు కొట్టి చూస్తే అదీ వచ్చింది. అక్కడితో ఆపేశాను.

ఆ రాత్రే పేర్లు చెరిపేసి రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి వాళ్లకి మెయిల్ చేశాను. నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. థాంక్స్ చెప్తారనుకున్నా. మా సర్వర్ హ్యాక్ చేశావు, సైబర్ క్రైమ్‌లో కేసు పెడతాం అన్నారు. తర్వాత మెయిల్‌లో ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ మీద కాపీరైట్ మాది, స్క్రీన్‌షాట్లు ఎక్కడైనా పెడితే దానికి వేరే కేసు అని. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, ఇంట్లో చెప్పలేదు. నాన్న రిపోర్టు ఇవాళ్టికీ లాగిన్ లేకుండానే తెరుచుకుంటోంది. అంటే వాళ్లు ఏమీ సరిచేయలేదు.

పాతికేళ్ల_ప్రోగ్రామర్:
తమ్ముడూ, ముందు ఇంట్లో చెప్పు. ఇది ఒక్కడివే మోయాల్సిన విషయం కాదు.

నీకు జరిగింది కొత్త కాదు. 2001 జులైలో దిమిత్రీ స్క్ల్యారోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ లాస్‌వేగాస్‌లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సుకి వచ్చి, అడోబీ ఈ-బుక్‌లకి వేసిన తాళం ఎంత బలహీనంగా ఉందో చెప్పాడు. తిరిగి వెళ్లేలోపే ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. ఆ తాళం తీసే ప్రోగ్రాం అతని కంపెనీ అమ్మింది, రష్యాలో అది నేరం కాదు, కానీ అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం కింద నేరం. మరుసటి ఏడాది డిసెంబరులో జ్యూరీ ఆ కంపెనీ నిర్దోషి అని తేల్చింది. ఈలోపు ఆ కుర్రాడు నెలల తరబడి ఇల్లు చేరలేకపోయాడు. అంతకుముందు 2000లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్ ఫెల్టెన్ బృందం సంగీతం కంపెనీల వాటర్‌మార్కులని (కాపీ చేయకుండా పాటల్లో దాచే గుర్తులని) ఛేదించింది. చేతనైతే ఛేదించండి అని పోటీ పెట్టిందే ఆ కంపెనీలవాళ్లు, తీరా ఆయన పేపరు చదవబోతే కేసు వేస్తామని ఉత్తరం వచ్చింది. 2001 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్న ఆ పేపరుని, కోర్టుకెక్కిన తర్వాత ఆగస్టులో చదవగలిగారు.

మన దగ్గరా ఉంది. ఓటింగ్ యంత్రాన్ని ఎలా మార్చవచ్చో 2010లో ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి చూపించిన హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్‌ని, ఆ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని ఆగస్టులో అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు, వారానికి గానీ బెయిల్ రాలేదు. యంత్రాల గురించి ఆయన చెప్పిందానితో ఎవరు ఏకీభవించినా లేకపోయినా, ఓటు వేసే యంత్రాన్ని పరీక్షించే హక్కు పౌరుడికి ఉండాలా వద్దా అన్న ప్రశ్న అలాగే ఉంది. కాగితం మీద ఓటు కనపడే వీవీప్యాట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

బెజవాడ_వకీలు:
బాబూ, భయపడకు, కానీ అజాగ్రత్తగానూ ఉండకు. ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్లడమే తప్పు. మంచి ఉద్దేశంతో చూసినవాడికి మినహాయింపు అందులో లేదు, నాకు బాధ కలిగించేది అదే. అయితే జైలు దాకా వెళ్లాలంటే సెక్షన్ 66 కావాలి (మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ), దానికి దురుద్దేశంతోనో మోసంతోనో చేశావని వాళ్లు రుజువు చేయాలి. అదే రాత్రి నువ్వు పంపిన మెయిల్ నీకు పెద్ద అండ, దాన్ని పోగొట్టుకోకు.

కాపీరైట్ బెదిరింపు మరీ బలహీనం. మన చట్టంలో 2012లో చేరిన 65ఏ సెక్షన్ తాళాలు బద్దలుకొట్టడం గురించి. అదీ హక్కులు ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. ఇక్కడ తాళమే లేదు కదా. ఆ సెక్షన్లో భద్రతా పరీక్షకి మినహాయింపు కూడా ఉంది, కానీ యజమాని అనుమతితో చేస్తేనే అని రాశారు. ఎవరి పరువు పోతుందో వాళ్లే అనుమతివ్వాలట! నా మటుకు ఆ మాట మారాలి.

ఇక ల్యాబ్ వాళ్ల సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జిలు ఏకగ్రీవంగా చెప్పారు. 2023 డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పెట్టనివాళ్లకి 250 కోట్ల దాకా జరిమానా రాసుంది.

ఇప్పుడైతే ఇంకే లింకూ తెరవకు, ఎక్కడా పోస్టు చేయకు, డబ్బుల మాట పొరపాటున కూడా ఎత్తకు. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి వివరంగా రాయి, ఇలాంటి లోపాలు తీసుకోవడం వాళ్ల పని. నోటీసు వస్తే మాత్రం దగ్గర్లోని లాయర్‌ని కలవకుండా జవాబు ఇవ్వకు.

ల్యాబ్_టెక్నీషియన్:
పదేళ్లుగా రక్తం తీస్తున్నాను. థైరాయిడ్, షుగర్ సరే, అవే లింకుల్లో హెచ్ఐవీ రిపోర్టులు వెళ్తాయి, పెళ్లికాని పిల్లల ప్రెగ్నెన్సీ రిపోర్టులు వెళ్తాయి. చెయ్యి చాపేటప్పుడే "ఇది ఎవరికీ తెలీదు కదమ్మా" అని అడుగుతారు, తెలీదని మేం మాటిస్తాం. ఆ మాట నిలబెట్టేది చివరికి ఆ ఒక్క అంకేనా?

ఒక్కటి మాత్రం అంటాను తమ్ముడూ, రెండో నంబరు కొట్టకుండా ఉండాల్సింది. అదీ ఒక మనిషిదే.

పాతికేళ్ల_ప్రోగ్రామర్:
అక్కా, మీ మాట కాదనను. కానీ ఒక్కటే చూసి రాస్తే, ఎక్కడో పొరపాటు పడ్డావులే అని కొట్టిపారేసేవాళ్లు. రెండోది ఇంకొకరి ఇంట్లోవాళ్ల రిపోర్టుతో, వాళ్ల అనుమతి తీసుకుని చూసుంటే బాగుండేది. ఇక మీదట అలా చెయ్యి తమ్ముడూ.

ఓరుగల్లు_కోడర్:
అందరికీ థాంక్స్. అక్కా, మీరన్నది నిజం, ఆ ఆలోచన రాలేదు. నిన్న సెర్ట్-ఇన్‌కి రాశాను, నాన్నకీ చెప్పాను. తిడతారనుకున్నా. కళ్లజోడు పెట్టుకుని ఆ లింకు కాసేపు చూసి, "మరి నాది ఎంతమంది చూసుంటార్రా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.